సీసా మీద ఉన్న సుబ్బారావు గారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, మాస్టార్ల గురించి రాయనా అని అడిగాను. మాస్టార్ల మీద అప్పటికే పదకొండు వ్యాసాలు వచ్చాయట. కాలవలో ఈతల మీద నాలుగు, ఇంటర్వెల్లులో కొనుక్కున్న జామకాయల మీద మూడు. బడితో సంబంధం లేకపోయినా ఫరవాలేదు, ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకు పనికొచ్చేది రాయమన్నారు. సరే, నేను ముప్పయ్యేళ్లకు పైగా రోజూ చేత్తో పట్టుకున్న ఒక సీసా గురించి, దాని మీద పేరున్న మనిషి గురించి రాస్తాను.

నేను 1974లో మన బడిలో పదో తరగతి పాసయ్యాను. ఆ మరుసటి ఏడే ఈ సంఘం పుట్టింది. బి.ఎస్సీ. తర్వాత 1979లో బెజవాడలో ఒక ఆసుపత్రి లేబొరేటరీలో టెక్నీషియనుగా చేరాను. చేరిన వారంలోనే మా సీనియర్ నాకు గోధుమరంగు సీసా ఒకటి చూపించి, వెలుతురు తగలకుండా దాచాలని చెప్పారు. చీటీ మీద ఎఫ్.ఎస్. అని రెండక్షరాలు. పూర్తి పేరు ఫిస్కే, సబ్బరో అట. మా ల్యాబులో అందరూ అలాగే పలికేవారు. ఫిస్కే ఎలాగూ దొరే, సబ్బరో ఏ ఇటలీవాడో అనుకున్నాను.

ఆ సీసాతో చేసే పని రక్తంలో భాస్వరం ఎంతుందో కొలవడం. రక్తంలోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టి వడపోసి, ఆ తేటనీటికి మాలిబ్డేటు ద్రావణం కలిపి, పైన ఈ సీసాలోది కొద్దిగా వేస్తే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. కలరీమీటరులో పెట్టి అంకె రాసుకోవడమే. నెలకు పది మందైనా పిల్లలు వచ్చేవారు, దొడ్డికాళ్లతో, నడక ఆలస్యమై, తల్లుల చంకల్లో. రికెట్సో కాదో తేల్చడానికి కాల్షియంతో పాటు ఈ పరీక్ష కావాలి. నీలం మరీ లేతగా వచ్చిందంటే పిల్లల డాక్టరు గారికి నేనే వెళ్లి చెప్పేదాన్ని.

1995లో ఒకరోజు పేపర్లో శతజయంతి తపాలా బిళ్ల బొమ్మ వేశారు. ఎల్లాప్రగడ సుబ్బారావు, జననం భీమవరం. కింద ఫిస్కే పేరు కూడా ఉంది. ఆ పేపరు పట్టుకుని సీసా దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. గుడివాడ, కైకలూరు, ఆకివీడు దాటితే వచ్చే భీమవరం. మా పిన్నిగారి ఊరికి పోయే రైలే. పదహారేళ్లుగా మన పక్కూరి సుబ్బారావు గారిని నేను ఇటలీ దేశస్థుణ్ని చేసి పలుకుతున్నాను.

పక్కూరు అన్నానని గోదావరి జిల్లా మిత్రులు కోప్పడకండి. ఆయన 1895 జనవరి 12న పుట్టేనాటికి భీమవరం తాలూకా గోదావరి జిల్లాదే. కానీ 1904లో దాన్ని తెచ్చి కృష్ణా జిల్లాలో కలిపారు, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా అలాగే ఉంది. అంటే ఆయన బడి వయసంతా కాగితాల మీద మన జిల్లా కుర్రాడే. ఈ ఒక్క హక్కూ మనకు చాలు.

బడి సంచిక కాబట్టి బడి సంగతి దాచకుండా చెప్పాలి. సుబ్బారావు గారికి చదువు వంటబట్టలేదు. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి కాశీ దారి పట్టారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బాగుపడాలని ఆలోచన. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాసి మళ్లీ తప్పారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కారు. మన వేదిక మీద ఏటా ర్యాంకులు తెచ్చినవాళ్లకు శాలువాలు కప్పుతాం కదా, ఈయన మన బడిలో చదివి ఉంటే రెండేళ్లపాటు ఆయన పేరు ఏ బోర్డు మీదా ఉండేది కాదు. ఆ రెండేళ్లూ తల్లి నగలమ్మి ఫీజు కట్టింది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఉన్నప్పుడు రామకృష్ణ మఠం వైపు మనసు పోయింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్లు కూడా తల్లి ఒప్పుకోకుండా కుదరదన్నారు, వైద్యం చదివి సేవ చేసుకోమన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీ. పెళ్లి 1919లో జరిగింది. భార్య శేషగిరి. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువు ఖర్చు భరించారు.

ఆ రోజుల్లోనే గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటే. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా రాసినా చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ పట్టాతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పుకుంటూ గడిపారు.

ఇంతకంటే ముఖ్యమైనది, తర్వాత జరిగిన దానికంతటికీ మూలమని నేననుకునేది, ఇంట్లో జరిగింది. ఆయన సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో పోయారు. జబ్బు ట్రాపికల్ స్ప్రూ. మన పెద్దవాళ్లు సంగ్రహణి అనేవారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండై రక్తం నీరైపోతుంది. ఎంత అన్నం పెట్టినా మనిషి పస్తున్నట్టే చిక్కిపోతాడు. సుబ్బారావు గారికీ అదే జబ్బు తగిలింది. ఇంగ్లీషు వైద్యం పని చేయలేదు, లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో బతికారు. అన్నదమ్ముల్ని తీసుకుపోయినదేమిటో, తనను నిలబెట్టినదేమిటో ఆయనకు తెలియదు, అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, ఇవే ఆధారం. హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమాలో చేరారు. అమెరికాలో వైద్యం చేయడానికి ఆ ఎల్.ఎం.ఎస్. పనికిరాదు కాబట్టి రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్లాలు ఎత్తే పని చేశారు. మా ల్యాబులో అటెండర్ల మీద కేకలేసే జూనియర్ డాక్టర్లకు ఈ సంగతి నేను చాలాసార్లు చెప్పాను. వాళ్లు మారారని చెప్పలేను.

డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర చేరారు. అప్పట్లో భాస్వరాన్ని కొలవడం పెద్ద తంటా, కొలిచినా నమ్మకం తక్కువ. ఇద్దరూ కలిసి నేను పైన చెప్పిన నీలం రంగు పద్ధతిని కుదిర్చారు. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది. సుబ్బారావు గారికి ముప్పయ్యేళ్లు.

మన పిల్లల్లో పరిశోధనకు పోయినవాళ్లు కొందరున్నారు కాబట్టి ఒక మాట. పరిశోధకుల విలువను ఈ రోజుల్లో వాళ్ల పత్రాన్ని తర్వాతివాళ్లు ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కబెట్టి కడతారు. ఆ లెక్కలో ఈ 1925 పత్రం జీవరసాయన శాస్త్రంలోకెల్లా ముందు వరుసలో ఉంటుంది. వేల మంది పేర్కొన్నారు, దశాబ్దాల తరబడి. అందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు, ఉన్నది పని జరిగే పద్ధతి. అందరికంటే ఎక్కువసార్లు పేర్కొనబడిన పత్రం కూడా, 1951లో లౌరీ రాసినది, అలాంటిదే, మాంసకృత్తుల్ని కొలిచే పద్ధతి. వంట పుస్తకం కంటే మంచి కత్తిపీటకే గిరాకీ ఎక్కువ అన్నమాట. అయితే నాలాంటివాళ్లం ఆ లెక్కలో లేం. బెజవాడలో, గుంటూరులో, ఏలూరులో రోజుకు ఇరవై సార్లు ఆ పద్ధతి వాడిన టెక్నీషియన్లు ఎక్కడా పత్రాలు రాయలేదు, ఎవర్నీ పేర్కొనలేదు.

ఆ పద్ధతే ఆయనకు తర్వాతి దారి చూపించింది. కండరాల రసంలో భాస్వరం కొలుస్తుంటే నీలం ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా ముదురుతోంది. ఇంకొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవారు. నేనైతే కచ్చితంగా పారబోసేదాన్ని. వాళ్లిద్దరూ ఎందుకని చూశారు. కండరంలో భాస్వరాన్ని పట్టుకుని ఉన్న పదార్థమొకటి ఆమ్లంలో విరిగి కొంచెం కొంచెంగా భాస్వరాన్ని వదులుతోంది. అదే ఫాస్ఫోక్రియేటిన్, 1927. రెండేళ్లకు ఏ.టి.పి. ఇప్పుడు తొమ్మిదో తరగతి పుస్తకంలో కణం తాలూకు శక్తి నాణెం అని చదివే ఏ.టి.పి. ఆ ఏడే జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. కండరం ఎలా పని చేస్తుందో చెప్పి 1922లో నోబెల్ తెచ్చుకున్న సిద్ధాంతాన్ని ఈ పని పక్కకు నెట్టేసింది. 1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం రాలేదు.

అచ్చుకాని వాటి సంగతి కూడా చెప్పాలి. అదే విభాగంలో అప్పుడు చదువుకున్న జార్జ్ హిచింగ్స్‌కి 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు విడదీసిన పదార్థాలు కొన్నింటిని తర్వాతి ఏళ్లలో వేరేవాళ్లు మళ్లీ మొదటినుంచి కనిపెట్టుకోవలసి వచ్చిందని, ఫిస్కే అసూయ వల్ల అవి అచ్చుకి నోచుకోలేదనే ఆయన అభిప్రాయపడ్డారు. ఎవరి తప్పెంతో తేల్చడం నా పని కాదు. కానీ బీరువాలో ఉండిపోయిన పని వల్ల ఇంకొకరికి సంవత్సరాలు వృథా అయ్యాయి. సైన్సులో అచ్చుకు అంత విలువ ఇచ్చేది అందుకే, గొప్ప కోసం కాదు.

1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యారు. మందుల కంపెనీలో పని మన బడి నాటకం లాంటిది. తెర మీద పది మంది, తెర వెనక ఒకడు.

ఇప్పుడు ఆ సంగ్రహణి దగ్గరికి వస్తాను. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పని చేసే గర్భిణుల్లో రక్తం ఎందుకు తరిగిపోతోందో వెతికింది. ఈస్టుతో చేసిన మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే తేరుకుంటున్నారని 1931లో రాసింది. అందులో ఉన్న పదార్థం పేరేమిటో తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాని జాడ పట్టి, ఆకులో దొరికింది కాబట్టి లాటిన్‌లో ఆకు అనే మాటమీద ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. అంత పాలకూరకు వచ్చింది రవ్వంతే. అలా అయితే ఏ రోగికీ అందదు. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం కాలేయం నుంచి శుద్ధి చేసి, నిర్మాణం తెలుసుకుని, 1945 ఆగస్టులో ఫ్యాక్టరీలో చేయగలిగే పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించింది. ఆ పత్రం కింద పదిహేను మందికి పైగా పేర్లున్నాయి. ఆయన పేరు వాటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. వెతుక్కోవాలి.

వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. నాలుక పుండ్లు మానాయి, రక్తం పట్టింది, ఆకలి పుట్టింది. ఇద్దరు తోబుట్టువుల్ని ఎనిమిది రోజుల్లో పోగొట్టుకున్న మనిషి ఆ నివేదిక చదివినప్పుడు ఏమనుకున్నారో ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు.

ఫోలిక్ యాసిడ్‌కి ఒక కవల ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందు ఇస్తే జబ్బు తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. అయితే దాన్ని అడ్డుకునేది ఇస్తే? ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్‌ని లెడర్లీ తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ పత్రం వచ్చింది. పదహారు మంది పిల్లల్లో పది మందికి గుణం కనిపించింది. తాత్కాలికమే, కానీ అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. ఆ పత్రం రాసిన ఐదుగురిలో సుబ్బారావు గారి పేరు లేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడతారు. మన బ్యాచ్‌లో కీళ్లవాతం ఉన్నవాళ్లు కొందరు డాక్టరు రాసిచ్చి వారానికోసారి అదే మాత్ర వేసుకుంటున్నారు. ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు చూడండి. ఆ రెండు మాత్రలూ ఒకే గడపలోంచి వచ్చినవి.

బోదకాలు మాటా చెప్పకపోతే డెల్టా మనిషినని ఎవరూ నమ్మరు. మన చిన్నప్పుడు ఊళ్లో ప్రతి వీధిలోనూ ఒక బోదకాలు ఉండేది. ఫైలేరియా వాళ్లు రాత్రి తొమ్మిది తర్వాత లాంతరు పట్టుకుని వచ్చి వేలు పొడిచేవారు, ఆ పురుగులు రాత్రిపూటే పైకి వస్తాయి కనుక. మేం మంచాల కింద దూరేవాళ్లం. తర్వాత ఇచ్చే మాత్రలు డి.ఇ.సి. అది 1947లో హెట్రజాన్ పేరుతో లెడర్లీ నుంచే, సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే వచ్చింది. 2004 నుంచి ఏటా ఇంటింటికీ తిరిగి మింగించినదీ అదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా ఆయన హయాందే, దాన్ని పట్టుకున్నది డుగ్గర్ అనే పెద్దాయన.

1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్లు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి ఇండియా రాలేదు. అమెరికా పౌరుడూ కాలేదు. ఆయన గురించి రాసేవాళ్లు నోబెల్ రాలేదని ఒక పేరా బాధపడి ముగిస్తారు. నాకు ఆ బాధ లేదు. నాకున్నది శేషగిరి గారి గురించిన బాధ. మూడేళ్లలో వస్తానని వెళ్లిన మనిషి కోసం ఆమె ఎదురుచూశారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. ఎంతమంది బిడ్డల్ని బతికించాడన్న లెక్కతో ఆమె లెక్క సరిపోతుందని నేననుకోను. ఆడవాళ్లం రాస్తే ఇలాగే రాస్తామని ఎవరైనా అంటే అననివ్వండి.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. అక్క అనుమతి తీసుకునే రాస్తున్నాను. అక్క కూడా మన బడే.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మధ్యాహ్నం కాగానే ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. అక్క అప్పుడు కడుపుతో ఉంది. దొడ్లో ఆరేసిన బట్టలు తీయడానికి నిమిషం సేపు బయటికి వెళ్లింది. ఆగస్టు నడుమ నెలలు నిండి బిడ్డ పుట్టాడు. వీపు కింద వెన్నెముక మూసుకోలేదు. పదకొండు రోజులు బతికాడు. గ్రహణంలో బయటికొచ్చిన పాపమని అత్తవారింట్లో అన్నారు, పుట్టింట్లోనూ అన్నారు. మా అమ్మే అంది. నేను ల్యాబులో ఉద్యోగం చేస్తూ కూడా నోరు మూసుకున్నాను, ఎందుకంటే కారణం నాకూ తెలియదు.

1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వాళ్ల అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఏడు దేశాల్లో, 33 చోట్ల, అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. వెన్నెముక లోపాలు 72 శాతం తగ్గాయి. నేను దాన్ని చదివింది చాలా ఆలస్యంగా, ఒక పిల్లల డాక్టరు గారి బల్లమీద జిరాక్సు కాగితాల్లో. అందులో నన్ను పట్టుకున్నది 72 కాదు. గర్భం నిలిచిన 28 రోజులకల్లా బిడ్డ వెన్ను మూసుకోవాలి. మూసుకోకపోతే ఇక అంతే. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆగస్టు నడుమ పుట్టిన బిడ్డ అంటే గర్భం నిలిచింది నవంబరు చివర్లో. వెన్ను మూసుకోవలసింది డిసెంబరు చివరికి. గ్రహణం ఫిబ్రవరి 16న. అక్క బట్టలు తీయడానికి దొడ్లోకి వెళ్లేటప్పటికి జరగవలసినది జరిగిపోయి ఏడెనిమిది వారాలైంది.

ఈ లెక్క వేశాక కూడా నేను అక్కతో చెప్పలేదు. పాత పుండు ఎందుకు కెలకడం అనుకున్నాను. అలా దాదాపు పదిహేనేళ్లు దాచాను. అది నా తప్పు. అత్తగారు పోయిన తర్వాత ఒకసారి అక్క తనంతట తానే ఆ బట్టల మాట ఎత్తితే అప్పుడు చెప్పాను. కాగితం మీద నెలలు వేసి చూపించాను. అక్క చాలాసేపు కాగితం వైపే చూసి, ఈ సంగతి అమ్మకు తెలుసా అని అడిగింది. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. అక్క బిడ్డకు ఫోలిక్ యాసిడ్ లోటు వల్లనే అలా అయిందని నేను చెప్పలేను. ఆ లోపాలకు వేరే కారణాలూ ఉన్నాయి, 72 అంటే వంద కాదు. గ్రహణం వల్ల కాదని మాత్రం కాలండరు చెబుతుంది.

మన దేశంలో గర్భిణులకు ఐరనుతో పాటు ఫోలిక్ యాసిడ్ ఇవ్వడం 1970లోనే మొదలైంది. రక్తహీనతకు అది మేలు చేస్తుంది. కానీ నెల తప్పిందని తెలిసి, పేరు రాయించుకుని, మాత్రలు చేతికొచ్చేసరికి ఆ 28 రోజులూ దాటిపోతాయి. అందుకే పెళ్లయిన ఆడపిల్లలు బిడ్డను అనుకున్నప్పుడే, కనీసం ఒక నెల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలంటారు. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టి ఉంటే దానికి పదింతలు, డాక్టరు చెప్పినట్టు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు అన్నింట్లోనూ ఇది ఉంది, అయితే మనం ఆకుకూరను ముద్దయ్యేదాకా ఉడికించి నీళ్లు వార్చి పారేస్తే సగం పైగా తూములోకి పోతుంది. రేషను బియ్యంలో వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపిన గింజలున్నాయి కదా, ప్లాస్టిక్ బియ్యమని మా పక్కింటావిడ ఏరి పారేస్తోంది. అవి ఐరను, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన పిండితో చేసిన గింజలు. పారేయకండి.

మొన్న ఉత్సవం ఏర్పాట్ల కోసం మన బడికి వెళ్లాను. ఎనిమిదో తరగతి గది కిటికీ వెనక, మనం గోలీలాడిన వేపచెట్టు కింద, నీలం రంగు మాత్రలు పడి ఉన్నాయి. వారానికోసారి బళ్లో ఇచ్చే మాత్రలు. వంగి ఏరితే పందొమ్మిది. ఒక్కోదానిలో ఐరనుతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. పిల్లల్ని అడిగితే కడుపులో తిప్పుతుందన్నారు, నల్లగా విరేచనమవుతుందన్నారు. రెండూ నిజమే. ప్రధానోపాధ్యాయిని గారితో మాట్లాడాను. పొద్దున ప్రార్థన అయ్యాక ఖాళీ కడుపుమీద ఇస్తున్నారట. మధ్యాహ్న భోజనం అయిన తర్వాత, మాస్టార్లు కూడా పిల్లలతో పాటు వేసుకుంటే బాగుంటుందని అన్నాను. ఒప్పుకున్నారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు ఒక గంట కేటాయిస్తామన్నారు, వచ్చి మాట్లాడమన్నారు.

మా ల్యాబులో ఆటో ఎనలైజరు వచ్చాక ఎఫ్.ఎస్. సీసాతో పని లేకుండా పోయింది. రిటైరయ్యే రోజు ఖాళీ సీసా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. చీటీ మీద అక్షరాలు సగం చెరిగాయి. దాన్ని తీసుకెళ్తాను. అక్క కూడా వస్తానంది.